ఎర్ర పెన్సిలు అంకెలు

పెద వాల్తేరు,
విశాఖపట్నం

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, నువ్వు అమెరికాలో క్లాసికల్ గిటారు డిగ్రీకి దరఖాస్తు పెడుతున్నావని చెప్పింది. చెప్పి కాసేపు ఊరుకుంది. నేనూ ఏమీ అనలేకపోయాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి పెట్టెలోంచి గిటారు తీసి, దీపం వేయకుండానే శ్రుతి చేసుకుని కూర్చున్నాను. ఏదీ వాయించలేదు. ఆరు తీగలూ ఒక్కొక్కటే మీటి విని మళ్లీ పెట్టెలో పెట్టేశాను. మనసులో ఉన్నది సంతోషమో భయమో తెల్లారేదాకా తేలలేదు. రెండూ ఉన్నాయి. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని ఊరుకుంటావు, అందుకని కాగితం మీద రాస్తున్నాను.

ముందు మీ నాన్న మాట. "ఇంత కష్టమూ మన వీణ మీదో వయొలిన్ మీదో పడితే బాగుండేది కదా" అన్నాడట. అది ప్రేమతో అన్న మాట, ఎదురు చెప్పకు. కానీ నిదానంగా ఒక సంగతి గుర్తు చెయ్యి. వయొలిన్ కూడా ఓడ దిగి వచ్చిన వాద్యమే. ఇక్కడికి అరవై కిలోమీటర్ల దూరంలో, విజయనగరంలో, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది మనది అయింది. 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆయన వయొలిన్ నేర్పడానికి చేరి, 1936లో దానికే ప్రిన్సిపాల్ అయ్యారు. గిటారును పెద్ద కచేరీ వేదికల మీద కూర్చోబెట్టిన ఆండ్రెస్ సెగోవియా, మన ద్వారం వారు పుట్టింది ఒకే సంవత్సరం, 1893లో. ఈ సంగతి తెలిసిన రోజు నేను పరుగున వెళ్లి మా నాన్నగారికి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే కొత్త తీగలు కొనుక్కోమని డబ్బులు చేతిలో పెట్టారు.

దరఖాస్తు పనులు నాకంటే నీకే బాగా తెలుసు. చాలా చోట్ల గడువు డిసెంబరు మొదట్లోనే ముగుస్తుంది. ముందు వీడియోలు పంపమంటారు, అవి నచ్చితే జనవరి నుంచి మార్చి లోపు ఆడిషన్‌కు పిలుస్తారు. ఎవరి షరతులు వారివి కాబట్టి ఒక్కొక్క విద్యాలయానికి ఒక్కొక్క కాగితం పెట్టుకో. సిఫారసు లేఖలు రాసేవాళ్లను సెప్టెంబరులోనే అడుగు. పాస్‌పోర్టు గడువు చూసుకో.

ఏమి వాయించాలన్నది మాత్రం నీతో గట్టిగానే మాట్లాడాలి. తారెగా రాసిన అల్హాంబ్రా ట్రెమొలో, ఒకే స్వరాన్ని వేళ్లతో వరసగా గబగబా మీటే ఆ రచన, పట్టుకెళ్తానన్నావట. నువ్వు దాన్ని అందంగా వాయిస్తావు, పొద్దుటి పూట. సాయంత్రం అలిసినప్పుడు నీ ఉంగరపు వేలు వెంట్రుకవాసి వెనకబడుతుంది. ఉంగరపు వేలు, నడిమి వేలు, చూపుడు వేలు వరసగా పడే ఆ మూడు మీట్లు సమానంగా లేకపోతే పాట కుంటుతుంది. వినేవాళ్లు జీవితమంతా ఆ రచనను నేర్పినవాళ్లు, వాళ్లకు మొదటి వరసలోనే తెలిసిపోతుంది. నీతో కనీసం ఏడాది కాపురం చేసిన రచనలే తీసుకెళ్లు. బాఖ్ 996వ సూట్‌లోని బూరే అనే నాట్యపు ముక్క చిన్నదే, కానీ పైరాగమూ మంద్రమూ రెండూ విడివిడిగా వినిపించగలవని చూపిస్తుంది. సోర్ 35వ ఓపస్‌లోని, అంటే ఆయన 35వ ప్రచురణలోని, 22వ అభ్యాసం నీ చేతిలో ఎప్పుడూ తడబడలేదు. విల్లా లోబోస్ 1940లో రాసిన ప్రెలూడ్లలో మొదటిది, మంద్రపు తీగల మీద పాడేది, నువ్వు వాయిస్తే మీ అమ్మ వంట ఆపి వింటుంది. ఈ మూడూ మూడు కాలాలవి. వాళ్లు నీలో వెతికేది నాలుగేళ్లు నేర్పదగిన విద్యార్థిని. ట్రెమొలో అక్కడ చేరాక వాయించు.

స్వరశ్రేణులు రోజూ వాయించు. మా అమ్మమ్మ సరళీ వరుసలు పాడించినట్టు మూడు కాలాల్లో వాయించు, మొదటి కాలం తిన్నగా రానిదే రెండోది ముట్టుకోవద్దు. కొత్త స్వరలిపిని చూసి వాయించడం రోజుకు పది నిమిషాలు, ఎంత నెమ్మదిగానైనా సరే, ఆగకుండా.

ఆగకుండా అనే మాట రాశాను కాబట్టి అసలు విషయానికి వస్తాను. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

నాకు గిటారు నేర్పింది రైల్వే కాలనీలో ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డు గారని నీకు తెలుసు. గూడ్సు బండి దిగి, తెల్ల యూనిఫాం కూడా మార్చుకోకుండా వరండాలో కూర్చుని పాఠం చెప్పేవారు. 1979లో, మద్రాసులో ఒక సంస్థ ఉపకార వేతనంతో పై చదువుకు పంపడానికి విద్యార్థులను ఎంపిక చేస్తోందని ఆయనకు తెలిసింది. నాకప్పుడు ఇరవై ఏళ్లు. మోజార్ట్ రాగాన్ని రకరకాలుగా మారుస్తూ సోర్ కట్టిన వేరియేషన్లు, తొమ్మిదో ఓపస్, వాయించాలని అనుకున్నాం. పుస్తకం ఆయనది ఒక్కటే ఉంది. నేను దాన్ని నల్ల సిరాతో, స్కేలు పెట్టి గీతలు గీసి, మొత్తం చేత్తో రాసుకున్నాను. పన్నెండు రోజులు పట్టింది. అంత అందమైన పని నేను అంతకు ముందెప్పుడూ చేయలేదు.

గురువుగారు చూసి మెచ్చుకున్నారు. మెచ్చుకుని, జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి ఆ కాగితాల మీద అంకెలు వేయడం మొదలుపెట్టారు. మొదట్లో ఒకటి, నాలుగు వరసల తర్వాత రెండు, అలా చివరిదాకా 19 అంకెలు. "ఇవి స్టేషన్లు. బండి దారిలో ఆగిపోతే పక్క స్టేషను నుంచి బయలుదేరుతుంది. హౌరా దాకా వెనక్కి వెళ్లి మళ్లీ రాదు" అన్నారు. రోజూ ఏదో ఒక అంకె చెప్పి అక్కడి నుంచి వాయించమనేవారు. నాకు వచ్చేది కాదు. మొదటి నుంచి అయితే నీళ్లు పారినట్టు వచ్చేది, మధ్యలోంచి అడిగితే వేళ్లు బిగుసుకుపోయేవి. ఆ అవమానం ఒకవైపు, నా నల్ల సిరా కాగితాలు పాడు చేశారన్న కోపం ఒకవైపు. ఒక రాత్రి రబ్బరు తీసుకుని 19 అంకెలూ చెరిపేశాను.

ఆ తర్వాత నాకు తోచినట్టు సాధన చేశాను. ఎక్కడ తప్పు దొర్లితే అక్కడ ఆపి మళ్లీ మొదటికి వెళ్లేదాన్ని. అది నిష్ఠ అనుకున్నాను. లెక్క వేసుకుంటే, మొదటి పేజీని వేల సార్లు వాయించాను, చివరి పేజీని వంద సార్లు కూడా వాయించి ఉండను.

మద్రాసు మెయిల్లో కూర్చుని వెళ్లాను, వాల్తేరు స్టేషను నుంచి. ఒక మేడ మీది గది. ముగ్గురు పెద్దలు. శబ్దం వస్తుందని ఫ్యాను ఆపేశారు. మైనరులో, అంటే దిగులుగా వినిపించే స్వరాల్లో, ఉండే ఆరంభం చక్కగా వచ్చింది. రాగం వచ్చింది. మొదటి వేరియేషను, మళ్లీ మైనరులోకి దిగే రెండోది, అన్నీ వచ్చాయి. మూడోదాని మధ్యలో, బుజ్జీ, వేళ్లు ఉన్నాయి, తీగలు ఉన్నాయి, తర్వాతి స్వరం లేదు. ఆపేశాను. క్షమించమని అడిగి ఆరంభం నుంచి మొదలుపెట్టాను. సరిగ్గా అక్కడికే వచ్చి ఆగిపోయాను. మూడోసారి మొదలుపెట్టినప్పుడు మధ్యలో కూర్చున్నావిడ చాలా మెత్తగా "చాలమ్మా" అంది.

నాలుగో వేరియేషను నాకు కొట్టిన పిండి. ఒక్క ఊపిరి దూరంలో ఉంది. అక్కడికి దూకి చివరిదాకా వాయించి ఉంటే వాళ్లు కాగితం మీద ఒక గీత పెట్టుకుని మర్చిపోయేవాళ్లు. ఈ మాట ఊరికే అనడం లేదు. తర్వాత ఎన్నో ఏళ్లు పిల్లలకు నేర్పుతూ, వాళ్ల పరీక్షలకు తోడు వెళుతూ చూశాను. తప్పు వాయించి ముందుకు సాగిపోయిన పిల్లల మీద ఎవరికీ కోపం రాదు.

తిరిగి వచ్చేటప్పుడు గోదావరి వంతెన మీద అందరూ కిటికీలోంచి చిల్లర డబ్బులు వేస్తుంటే నేను తల ఎత్తలేదు. గురువుగారు స్టేషనుకు వచ్చారు. ఏమైందని అడగలేదు. గిటారు పెట్టె నా చేతిలోంచి తీసుకుని ముందు నడిచారు. రెండు రోజుల తర్వాత ఇంటికి వచ్చి ఆ కాగితాలు తిరగేశారు. ఎర్ర అంకెలు లేవు. ఆయన చూశారని నాకు తెలుసు. ఆయన ఏమీ అనలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. రిటైరై, తన గిటారు నాకిచ్చి ఊరు వదిలి వెళ్లేదాకా చెప్పలేదు. తప్పు నాదేనని ఒక్క మాట అని ఉండాల్సింది. ఆ తర్వాత పదకొండేళ్లు గిటారు బీరువా మీదే ఉంది.

ఎందుకింత రాశానంటే, నువ్వూ అదే చేస్తున్నావు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు నేను వంటింట్లో అరిసెలు వత్తుతూ విన్నాను. గంటలో పదకొండు సార్లు మొదటికి వెళ్లావు. నాకు ఒళ్లు మండింది. పండగ పూట పిల్లను ఏమీ అనకూడదని పెదవి కరుచుకున్నాను. ఇప్పుడు అంటున్నాను. అలవాటు మానుకో తల్లీ. తప్పు వచ్చిన చోట గుర్తు పెట్టి ముందుకు సాగు, అయ్యాక ఆ ముక్క ఒక్కటే తీసి సరిచేసుకో. ప్రతి రచన మీదా అంకెలు వెయ్యి. అవే అంకెలు చీటీల మీద రాసి గిన్నెలో వేసుకుని, ఏది చేతికొస్తే అక్కడి నుంచి వాయించు. ఒక వారం చివరి అంకె నుంచి వెనక్కి రా. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడమ చేత్తో మాత్రమే నిశ్శబ్దంగా మొత్తం రచన నడిపించు, వేళ్లకు అలవాటైందేదో నీకు నిజంగా తెలిసిందేదో అప్పుడు బయటపడుతుంది. రోజుకొకసారి, ఇల్లు కూలినా ఆపకుండా, ఎవరో ఒకరి ముందు వాయించు. మీ అపార్టుమెంటు వాచ్‌మన్ పిల్లలైనా సరే. గిటారు గురించి తెలియనివాళ్ల ముందు కూడా చేతులు వణుకుతాయి, ఆ వణుకే మనకు కావలసింది.

వీడియోకు కూడా ఇదే. ఒక్కొక్క రచన మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో, కత్తిరింపులు లేకుండా ఉండాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు, పాలవాడు రాకముందే తీసుకో. రేవులో ఓడ కూత వేస్తే వేయనీ, ఆపకు. ఫ్యాను కట్టెయ్యి, మైకు ఐదారు అడుగుల దూరంలో పెట్టు, ముఖమూ రెండు చేతులూ కనిపించాలి. తీగలు వారం ముందే మార్చుకో, కొత్త నైలాను కొన్ని రోజులు సాగుతూనే ఉంటుంది. గోళ్లు జాగ్రత్త, తీగ మీటేది వాటితోనే కదా. ఆ నెల అంట్లు తోమే పని మీ అమ్మకు నేను చెప్పి మాన్పిస్తాను. విరిగితే అతికించుకోవడానికి టేబుల్ టెన్నిస్ బంతి ముక్క, జిగురు, సన్న గరుకు కాగితం పెట్టెలో ఉంచుకో.

నన్ను రాత్రిళ్లు భయపెట్టేది చెక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి వాన గదిలోకి కొట్టింది. గురువుగారి గిటారు తడిసి, తీగలు కట్టే బ్రిడ్జి ఊడిపోయింది. బాగు చేయించాను కానీ ఆ గొంతు మళ్లీ రాలేదు. నీ గిటారుకు ఎదురయ్యేది దీనికి వ్యతిరేకం. మన సముద్రపు గాలికి ఉబ్బి ఉన్న చెక్క, చలికాలంలో హీటర్లు వేసిన గదిలోకి వెళ్లగానే తేమ పోయి కుంచించుకుంటుంది, పైచెక్క పగులుతుంది. గిటారుకు హాయిగా ఉండేది 45 నుంచి 55 శాతం తేమ. తేమ కొలిచే చిన్న మీటరు, పెట్టెలో పెట్టే తేమ గొట్టం ఇక్కడే కొని ఇస్తాను. విమానంలో లోపలే పెట్టుకోనివ్వమని అడుగు, కాదంటే తీగలు కాస్త వదులు చేసి గట్టి పెట్టెలో ఇవ్వు.

చెయ్యి నొప్పి పుడితే ఆ రోజుకు ఆపెయ్యి. ఓర్చుకున్నానని గొప్పగా చెప్పకు, నాకు కోపం వస్తుంది.

పిలుపు వస్తే మీ అమ్మానాన్నలకు ముందు చెప్పు. రాకపోతే మొదటి ఫోను నాకు చెయ్యి, అర్ధరాత్రి అయినా. నేను ఏమైందని అడగను, వచ్చి నీ దగ్గర కూర్చుంటాను.

ఈ కవరులో ఒక ఎర్ర పెన్సిలు పెట్టాను. ఆదివారం సాయంత్రం నీ కాగితాలన్నీ తీసుకుని రా, కూర్చుని అంకెలు వేద్దాం. నా నల్ల సిరా కాగితాలు ఇంకా ఉన్నాయి. వెలుగులో పెడితే చెరిపిన చోట్ల గులాబీ మరకలు కనిపిస్తాయి. వాటి మీదే 19 అంకెలూ నేను మళ్లీ వేసుకున్నాను, నెల రోజుల నుంచి సాధన చేస్తున్నాను. నువ్వు వచ్చాక నన్నూ ఒక అంకె అడుగు. 13 అడుగు, మూడో వేరియేషను మధ్యలో ఉంటుంది.

ప్రేమతో,
పెద్దమ్మ