నక్షత్రం నడుమ ఎందుకు ఉబ్బింది?

సూదీ దారం: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నమస్తే మేడమ్. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, డాలస్‌లో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు క్విల్టింగ్ (గుడ్డ ముక్కలు అతికి దుప్పట్లు కుట్టడం) నేర్చుకున్నాను. చదరాలతో చంటిపిల్లల దుప్పట్లు కుట్టాను. ఇప్పుడు మనవరాలికని ‘లోన్ స్టార్’ మొదలుపెట్టాను, ఎనిమిది పెద్ద డైమండ్లు నడుమ కలిసి ఒకే పెద్ద నక్షత్రం అయ్యే డిజైన్. పట్టీలు రెండున్నర అంగుళాలవి, ఒక్కో పెద్ద డైమండులో అయిదు వరసలు. కొంత మంగళగిరి కాటన్, కొంత మా అమ్మ పాత వాయిల్ చీరలు. ఎనిమిది డైమండ్లూ విడివిడిగా ముచ్చటగా వచ్చాయి. కలిపేసరికి నడుమ ఉబ్బి పైకి లేచింది. ఎంత ఇస్త్రీ చేసినా అణగడం లేదు. మా ఆడపడుచేమో ‘ఎందుకొదినా నీకీ టెన్షన్, కుషన్ కవర్లు కుట్టుకో’ అంటోంది. వదిలేయమంటారా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వదిలేయకండమ్మా. ఇస్త్రీ మాత్రం ఇప్పుడే ఆపేయండి. ఆ ఉబ్బు ఇస్త్రీకి లొంగేది కాదు, పైగా ఇంకా సాగుతుంది.

డైమండు మొన 45 డిగ్రీలు. ఎనిమిది కలిస్తే 360, నేల మీద చదునుగా పరుచుకుంటుంది. మీవి ఒక్కో డిగ్రీ తగ్గి 44 అయ్యాయనుకోండి, మొత్తం 352. ఆ ఎనిమిది డిగ్రీల బట్ట లేకపోవడం వల్లే నడుమ లేస్తుంది. అదే 46 చొప్పున వస్తే బట్ట ఎక్కువై కుచ్చులు పడేది. ఒక్క డిగ్రీ తేడా విడి డైమండులో కంటికి ఆనదు, అందుకే మీకు ముచ్చటగా కనిపించాయి.

మరి ఆ డిగ్రీ ఎక్కడ పోయి ఉంటుంది? పట్టీలను మెట్లుమెట్లుగా జరిపి కుట్టాక, స్కేలు మీది 45 గీత పెట్టి ఏటవాలుగా వరసలు కోస్తాం కదా. మొదటి కోత సరిగ్గానే వస్తుంది. తర్వాతివి పోయినకొద్దీ పక్కకు జారతాయి. రెండు మూడు కోతలకోసారి గీతను మళ్లీ కుట్టు మీద పెట్టి చూసి, తేడా వస్తే అంచు సన్నగా చెక్కి సరిచేసుకోవాలి. చాలామంది ఈ పని దగ్గరే బద్ధకిస్తారు.

రెండోది బట్ట సాగడం. క్రాస్ కట్ జాకెట్టు ఒంటికి పట్టినట్టు ఎందుకుంటుందో మీకు తెలుసు, ఏటవాలుగా కోసిన బట్ట సాగుతుంది గనక. మీ దుప్పటిలో ఒక్కో పెద్దదానికి 25 చొప్పున 200 చిన్న డైమండ్లున్నాయి. ప్రతిదానికీ రెండు అంచులు పోగు వెంట, రెండు క్రాస్‌లో. మగ్గం బట్ట నేత వదులుగా ఉంటే మరీ సాగుతుంది. అమ్మమ్మల బొంతకు ఈ బాధ లేదు. చీరను మడతలుగా పరిచి దూరకుట్టు వేసేవాళ్లు, క్రాస్‌లో కోసింది ఎక్కడ? కాబట్టి కోయడానికి ముందే బట్టను ఉతికి, రంగు పోయేది పోయాక, చిక్కటి గంజి పెట్టి ఆరేయండి. కాగితంలా బిరుసుగా ఉండాలి. స్ప్రే డబ్బాలు కొననక్కర్లేదు, అన్నం వార్చిన గంజి వడకడితే చాలు. దుప్పటి పూర్తయ్యాక మాత్రం ఒకసారి ఉతికేయాలి, గంజి ఉంటే పురుగులొస్తాయి.

అమ్మ చీరల సంగతి కష్టంగానే చెబుతున్నాను. వాయిల్ పల్చన, మంగళగిరి దానికన్నా మందం. రెండూ పక్కపక్కన కుడితే ఒకటి లాగుతుంది, ఒకటి సాగుతుంది. ఆ చీరలను దుప్పటి వెనక బట్టగా వాడండి. ఒంటికి తగిలేది అదే కదా.

ఇప్పుడు చేతిలో ఉన్నదాన్ని ఏం చేయాలో చూద్దాం. నడుమ కుట్లు విప్పి ఎనిమిదింటినీ విడదీయండి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, పెద్దగా తేడా ఉన్నది దొరికిపోతుంది. ఆ ఒకటో రెండో మళ్లీ కుట్టండి. తర్వాత రెండేసి కలపండి. మీ ఇంట్లో చదరపు టైల్సు ఉన్నాయా? కలిపిన జంటను టైలు మూలలో పెట్టి చూడండి. రెండు 45లు కలిసి 90 కావాలి, మూలకు అచ్చంగా సరిపోవాలి. సరిపోని జంటను అక్కడే సరిచేయండి, ముందుకు పోవద్దు. జంటలు కలిపితే సగం నక్షత్రం, దాని నిలువు అంచు పక్కన పొడుగు స్కేలు పెడితే సందు కనిపించకూడదు. రెండు సగాలనూ కలిపే కుట్టు అన్నిటికన్నా చివర. నడుమ మొనల దగ్గర గుండుసూది గుచ్చి ముందు అక్కడే కొద్దిగా కచ్చా కుట్టు వేసుకుని చూస్తే, విప్పాల్సివచ్చినా ప్రాణం పోదు.

కలిపేటప్పుడు ఒక అంచు పోగు వెంటది, ఇంకోటి క్రాస్‌ది ఎదురవుతాయి. క్రాస్‌ది కింద ఉంచండి. మిషన్ అడుగున బట్టను లాగే పళ్లు ఆ సాగును సర్దేస్తాయి. కుట్టు బయటి చివర పావు అంగుళం కుట్టకుండా వదలాలి, రేపు నక్షత్రం చుట్టూ మూలల్లో పెట్టే చదరాలు అతకాల్సింది అక్కడే.

ప్రతి కుట్టూ బట్ట అంచుకు పావు అంగుళం లోపల పడాలి, దానికో పరీక్ష. ఒకటిన్నర అంగుళం వెడల్పున్న మూడు పట్టీలు కుట్టండి. నడిమిది సరిగ్గా అంగుళం రావాలి. రాకపోతే మిషన్ పాదం అంచును నమ్మకండి, సూదికి పావు అంగుళం దూరంలో ప్లాస్టర్ అంటించుకుని దాని వెంబడి కుట్టండి. ఒక్కో కుట్టుకు 1/16 అంగుళం ఎక్కువ పోతే, రెండు పక్కలా కలిపి 1/8. అయిదు వరసలకు నాలుగు కుట్లు, అంటే వెడల్పులో అర అంగుళం మాయం. అప్పుడు లెక్క ప్రకారం కోసిన మూల చదరాలు అతకవు. కొలత సరిగ్గా వస్తే మీ నక్షత్రం చదరం 48 అంగుళాల పైచిలుకు వస్తుంది. చదరాలను మాత్రం మీ డైమండు అంచు కొలిచాకే కోయండి.

ఈ డిజైన్‌కు ‘స్టార్ ఆఫ్ బెత్లెహేమ్’ అని కూడా పేరుంది. అమెరికాలో లకోటా తెగ ఆడవాళ్లు ఇలాంటి నక్షత్రం దుప్పట్లే కుడతారు. మనం సన్మానానికి శాలువా కప్పినట్టు, గౌరవించదలచినవాళ్లకు వాటిని కప్పుతారు. మనవరాలికి కుట్టడానికి ఇంతకన్నా మంచిది నాకు తోచడం లేదు.

మీ ఆడపడుచు మాటలో ఒక ముక్క మాత్రం తీసుకోవచ్చు. మూడున్నర అంగుళాల పట్టీ నుంచి ఎనిమిది ఒంటి డైమండ్లు కోసి పద్నాలుగున్నర అంగుళాల నక్షత్రం ఒకటి కుట్టండి. పెద్దదానిలో ఉన్న చిక్కుల్లో చాలామటుకు అందులోనే ఎదురవుతాయి. వచ్చిన కుషన్ కవరు ఆవిడకే ఇవ్వండి.

ప్రశ్న: క్విల్టు లోపల బ్యాటింగ్ (పై బట్టకూ వెనక బట్టకూ నడుమ పెట్టే మెత్తటి పొర) బదులు పాత నూలు దుప్పటి పెట్టొచ్చా? – నిజామాబాద్ పాఠకురాలు

జవాబు: నిక్షేపంగా. ఇక కుంచించుకుపోయేది లేకుండా ముందే వేడినీళ్లలో ఉతకండి. మిషన్ మీద కుట్టేట్టయితేనే పెట్టండి. చేత్తో కుడితే ఆ మందానికి సూది దిగక వేళ్లు నొప్పెడతాయి.