చిప్ కంటే ముందు వేసిన టీకా చెల్లదు

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మావారికి మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. ఆరు వారాల్లో బయల్దేరాలి. మూడేళ్ల క్రితం వీధిలో దొరికిన మా కుక్క చింటూని వదిలి వెళ్లలేం. ఒక ఏజెంటు లక్షా ఇరవై వేలు తీసుకుని, రక్తపరీక్ష అక్కర్లేదు, టీకా పుస్తకంలో తేదీ మార్పిస్తానంటున్నాడు. రసీదు ఇవ్వలేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ పుస్తకం ఎవరి చేతికీ ఇవ్వకండి. మీరు పంపిన ఫొటో చూశాను. రేబిస్ టీకా స్టిక్కర్ పక్కన మార్చి 12 అని ఉంది, చిప్ స్టిక్కర్ పక్కన జూన్ 4 అని ఉంది. చిక్కంతా ఇక్కడే ఉంది. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం చర్మం కింద పెట్టే 15 అంకెల గుర్తింపు మైక్రోచిప్ ముందు పడాలి. టీకా అదే రోజు గానీ ఆ తర్వాత గానీ వేయించాలి. చిప్ లేనప్పుడు ఆ టీకా వేసింది చింటూకే అని చూపించే ఆధారం ఉండదు కదా. కాబట్టి మళ్లీ వేయించాలి.

రక్తపరీక్ష అక్కర్లేదన్నది అబద్ధం. మన దేశం యూరప్ మినహాయింపు ఇచ్చిన జాబితాలో లేదు. టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తం తీసి, వాళ్లు ఆమోదించిన ల్యాబ్‌కి పంపాలి. ఫలితం, అంటే రక్తంలో రేబిస్‌ని అడ్డుకునే యాంటీబాడీల కొలత, మిల్లీలీటరుకు 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్) గానీ అంతకు మించి గానీ రావాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఈ రోజే మొదలుపెట్టినా నాలుగు నెలలు పడుతుంది. ఎంత డబ్బు పోసినా ఇది తగ్గదు.

తేదీ మార్పిస్తే అది ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద రాసినవాడితో పాటు తెలిసి వాడిన మీరూ నిందితులవుతారు. అంతకంటే నాకు భయం కలిగించేది వేరే ఉంది. మ్యూనిక్‌లో కాగితాలు తేడా అని తేలితే కుక్కని వెనక్కి పంపుతారు, లేదా మీ ఖర్చుతో క్వారంటైన్‌లో పెడతారు. రెండూ కుదరకపోతే చివరి మార్గంగా చంపేసే అధికారం కూడా ఆ దేశానికి ఉంది. ఆ మూగజీవిని అంత దూరం తీసుకెళ్లి ఆ స్థితిలో పడేయకండి.

మరో సంగతి చాలామందికి తెలియదు. యజమాని ప్రయాణానికి అయిదు రోజుల ముందో వెనకో, ఆ లోపే పెంపుడు జంతువు ప్రయాణించాలి. అది దాటితే వ్యాపార దిగుమతి నిబంధనలు వర్తిస్తాయి. అవి ఇంకా కఠినం. కాబట్టి మీవారిని ముందు వెళ్లనివ్వండి. మీరు నాలుగు నెలలాగి, చింటూతో కలిసి వెళ్లండి. కుక్క యజమానిగా కాగితాల్లో మీ పేరే ఉండాలి.

ప్రయాణానికి ముందు వారంలో శంషాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయానికి కుక్కని తీసుకెళ్లి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. యూరప్ హెల్త్ సర్టిఫికెట్ జారీ అయిన పది రోజుల్లోపు అక్కడ దిగాలి. బోను ఇప్పుడే కొని, చింటూని అందులో పడుకోవడం అలవాటు చేయండి. లేచి నిలబడి, చుట్టూ తిరిగేంత చోటు ఉండాలి. మత్తు మందు మాత్రం ఇవ్వకండి.

విమానంలో కుక్కకి ఏదైనా జరిగితే, విమాన ప్రయాణ నష్టపరిహారంపై ఉన్న అంతర్జాతీయ మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అది సామాను కిందే లెక్క. ప్రత్యేక ప్రకటన చేయకపోతే ఒక ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌ల (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క యూనిట్) వరకే పరిహారం. చట్టం అలా అనడం నాకు నచ్చదు గానీ, చెక్‌ఇన్‌లోనే విలువ ప్రకటించి అదనపు రుసుము కడితే పరిమితి పెరుగుతుంది.

డబ్బు సంగతి: రసీదు లేకపోయినా వాట్సాప్ సందేశాలు, ఫోన్‌పే వివరాలు సాక్ష్యమే. భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద ధ్రువీకరణ జతచేయాలి. చెరిపేయకండి. ముందు ఆ ఏజెంటుకి లాయర్ నోటీసు పంపండి. స్పందించకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. అయిదు లక్షల లోపు చెల్లింపుకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఒక్క జాగ్రత్త. రక్తపరీక్ష ఒకసారి గట్టెక్కాక, గడువు లోపు బూస్టర్లు వేయిస్తూ ఉంటే అది జీవితాంతం చెల్లుతుంది. బూస్టర్ ఒక్కరోజు ఆలస్యమైనా మళ్లీ మొదటి నుంచే రావాలి. తదుపరి టీకా తేదీని మీ ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి.