హైదరాబాద్ నొక్కితే రంగారెడ్డి ఎందుకొస్తోంది?

ప్రశ్న: మినీ ప్రాజెక్టు కోసం వెబ్‌పేజీలో, కోడ్‌తో బొమ్మలు గీసే కాన్వాస్‌పై తెలంగాణ మ్యాప్ గీశాను. జిల్లా మీద క్లిక్ చేస్తే దాని పేరు కనిపించాలి. కానీ హైదరాబాద్ నొక్కితే రంగారెడ్డి అని వస్తోంది. ఫోన్‌లో తెరిస్తే మరీ ఘోరం, ఎక్కడ నొక్కినా వేరే జిల్లా పేరే. కోడ్ పంపుతున్నాను. ఎల్లుండి రివ్యూ, టెన్షన్‌గా ఉంది. (ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే ఈ ఫిర్యాదు తప్పదు. ఒకరిది మ్యాప్, ఇంకొకరిది గేమ్ బోర్డు, మరొకరిది పిల్లల క్విజ్. పొరపాటు మాత్రం అందరిదీ ఒకటే. మీ కోడ్ ప్రతి జిల్లా చుట్టూ ఒక దీర్ఘచతురస్రాన్ని ఊహించుకుని, క్లిక్ అందులో పడిందా లేదా అని చూస్తోంది. రంగారెడ్డి జిల్లా హైదరాబాద్‌ను పడమర, దక్షిణం, తూర్పు వైపుల నుంచి చుట్టుకుని ఉంటుంది. దానికి డబ్బా కడితే హైదరాబాద్ చాలావరకు ఆ డబ్బాలోకే వస్తుంది. కోడ్ జిల్లాలను ఒక్కోటిగా చూసే లూప్‌లో ముందు తగిలింది రంగారెడ్డి కాబట్టి అదే జవాబు.

కాన్వాస్‌కు జిల్లాలు తెలియవు. పిక్సెళ్లకు రంగు వేసి ఆ సంగతి మర్చిపోతుంది. ఆకారాల లెక్క మీరే ఉంచుకోవాలి. ప్రతి జిల్లా సరిహద్దునూ ఒక పాత్‌2డీ ఆబ్జెక్ట్‌గా (గీతల ఆకారాన్ని దాచుకునే వస్తువుగా) దాచి, క్లిక్ పడగానే బిందువు లోపల ఉందా అని ఒక్కోదాన్నీ ఈజ్‌పాయింట్‌ఇన్‌పాత్ ఫంక్షన్‌తో అడగండి. ఈ లెక్క మీరే సొంతంగా రాయాలన్నా కష్టమేమీ కాదు. క్లిక్ పడిన బిందువు నుంచి ఒక దిక్కుకు గీత లాగండి. అది సరిహద్దును బేసి సార్లు దాటితే బిందువు లోపల ఉన్నట్టు, సరి సార్లు దాటితే బయట ఉన్నట్టు. ఆకారాలు ఒకదానిపై ఒకటి ఉంటే చివర గీసినదాన్ని ముందు పరీక్షించాలి. కంటికి కనిపించేది అదే కదా.

ఫోన్‌లో గొడవ వేరు. మీ కాన్వాస్ అసలు వెడల్పు 1200 పిక్సెళ్లు. ఫోన్ స్క్రీన్ దాన్ని 360కి కుదించి చూపిస్తోంది. వేలు 180 దగ్గర పడితే మ్యాప్‌లో అది 600. మీరు 180నే పట్టుకుని వెతుకుతున్నారు. ముందు కాన్వాస్ ఎడమ అంచు, పై అంచు ఎక్కడున్నాయో చూసి, ఆ దూరాలను వేలు పడిన స్థానం నుంచి తీసేయండి. తర్వాత అసలు కొలతకూ కనిపించే కొలతకూ ఉన్న నిష్పత్తితో గుణించండి.

ఇంతా చెప్పాక నా మాట వింటే, 33 జిల్లాలకు కాన్వాస్ ఎందుకండీ? బొమ్మను పిక్సెళ్లుగా కాక ఆకారాలుగా ఉంచే ఎస్‌వీజీలో గీస్తే ప్రతి జిల్లా విడి ఎలిమెంట్ (పేజీలో విడి భాగం) అవుతుంది, ఏది నొక్కారో బ్రౌజరే చెబుతుంది. వేల ఆకారాలు క్షణక్షణం కదులుతుంటే కాన్వాస్ తీసుకోవాలి. కొందరు కనిపించని కాన్వాస్‌లో ఒక్కో ఆకారానికి ఒక్కో రంగు వేసి, క్లిక్ దగ్గరి రంగు చదవమంటారు. అంచుల్లో రంగులు కలిసిపోతాయి. పైగా ప్రైవసీ కోసం కొన్ని బ్రౌజర్లు కాన్వాస్ నుంచి చదివే విలువలను కావాలనే కొద్దిగా మార్చేస్తాయి. మీకది అనవసరం.

నన్ను నిజంగా భయపెట్టేది వేరే ఉంది. ఎస్‌వీజీ అయినా మామూలు బటన్ అయినా, క్లిక్ ఎవరిదో తేల్చేటప్పుడు బ్రౌజర్ అన్నిటికంటే పైన ఉన్న ఎలిమెంట్‌నే చూస్తుంది. అది పూర్తిగా పారదర్శకంగా ఉన్నా సరే, క్లిక్ దానిదే. మోసగాడు తన పేజీలో ‘వీడియో చూడండి’ అని బటన్ పెట్టి, దానిమీద మీరు లాగిన్ అయి ఉన్న వేరే సైట్‌ను కనిపించకుండా పరుస్తాడు. మీరు వీడియో అనుకుని నొక్కుతారు, అక్కడ ‘ఖాతా తొలగించు’ నొక్కినట్టవుతుంది. రాబర్ట్ హాన్సెన్, జెరెమయా గ్రాస్‌మన్ 2008లో దీనికి క్లిక్‌జాకింగ్ అని పేరు పెట్టారు. మందు కూడా ఉంది. మా పేజీని ఇంకొకరి ఫ్రేమ్‌లో (వేరే పేజీ లోపలి కిటికీలో) చూపించొద్దని, పేజీతో పాటు పంపే సీఎస్‌పీ హెడర్ అనే సూచనలో సర్వర్ ఫ్రేమ్-యాన్సెస్టర్స్ నిబంధన పెడితే చాలు. దాన్ని పేజీలోని మెటా ట్యాగ్‌లో పెడితే బ్రౌజర్ పట్టించుకోదు, హెడర్‌లోనే ఉండాలి. ఒక్క లైను పని. డబ్బులు కట్టించుకునే సైట్లు కూడా దీన్ని మరిచిపోతే ఏమనాలి? ఫోన్‌లో దీని తమ్ముడు, ఒక యాప్ ఇంకో యాప్ మీద పొర పరిచేందుకు ఇచ్చే ‘ఇతర యాప్‌ల పైన చూపించు’ అనే అనుమతి. టార్చ్‌లైట్ యాప్‌కు ఆ అనుమతి ఎందుకో ఎవరూ అడగరు, ఓకే నొక్కేస్తారు. ఆండ్రాయిడ్ 12 నుంచి వేరే యాప్ పొర మీదుగా వచ్చే తాకిళ్లను చాలా సందర్భాల్లో సిస్టమే అడ్డుకుంటోంది. పాత ఫోన్లు వాడేవాళ్లు వెంటనే సెట్టింగ్స్‌లో ఆ అనుమతి ఉన్న యాప్‌ల జాబితా తెరిచి చూడండి.

ఇక ప్రకటనల మూలన ఉండే ఇంటూ గుర్తు. కంటికి కనిపించేది ఒకంత, నొక్కితే పట్టేది అందులో సగం. కాస్త పక్కకు పడితే ప్రకటన తెరుచుకుంటుంది. పేజీ లోడవుతూ సరిగ్గా వేలు పడే వేళకు జరిగిపోయే బటన్లు దీనికి తోడు. 2023లో వచ్చిన వెబ్ సౌలభ్య ప్రమాణం, డబ్ల్యూసీఏజీ 2.2, నొక్కే చోటు కనీసం 24×24 పిక్సెళ్లు ఉండాలంటోంది. చేతులు వణికే పెద్దవాళ్లకు అదీ చాలదు. ఇంతగా గురి తప్పించే డిజైన్ తెలియక చేసిందని నేను నమ్మను.

ప్రశ్న: నా మౌస్ ఒకసారి నొక్కితే రెండుసార్లు క్లిక్ అవుతోంది. డ్రైవర్ అప్‌డేట్ చేసినా పోలేదు. (గృహిణి, విజయవాడ)

డ్రైవర్‌ది కాదమ్మా. బటన్ కింది చిన్న స్విచ్ అరిగిపోయి, ఒక్క నొక్కుకు రెండుసార్లు తగులుతోంది. ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూడండి. అక్కడా అలాగే ఉంటే స్విచ్ మార్పించండి. రిపేరు ఖర్చు మౌస్ ధరను దాటుతుందంటే కొత్తది కొనుక్కోండి.