మెడ మీద మరకల్లేకపోతే కేసు తీసుకోరా?

బావ గొంతు పిసికాడు కానీ అక్క మెడ మీద ఏ గుర్తూ లేదు, స్టేషన్‌కి వెళ్తే నమ్ముతారా అని అడిగారు కదా. ముందు హాస్పిటల్‌కి తీసుకెళ్లండి, ఇవాళే.

మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. కిందటేడు మా చెల్లి పొద్దున్నే మా ఇంటికొచ్చింది, ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుని మింగలేక ప్లేట్ పక్కకి తోసేసింది, గొంతు బొంగురు, అమ్మేమో జలుబనుకుని మిరియాల కషాయం పెట్టింది. నాకు అనుమానమొచ్చి కింది రెప్ప లాగి చూస్తే లోపల సూదితో గుచ్చినట్టు ఎర్ర చుక్కలు. అప్పుడు చెప్పింది, రాత్రి మొగుడు గొంతు నొక్కితే కళ్లు బైర్లు కమ్మాయని, తెలివొచ్చేసరికి ఒంటేలు పోయి బట్టలు తడిసిపోయాయని. సిగ్గుపడి ఆ మాట దాచుకుంది, స్పృహ తప్పిందనడానికి అసలు సాక్ష్యమే అది!

మేం చేసిన తప్పు, నేరుగా స్టేషన్‌కి పోయాం. మేం తెలుగులో అంతా చెప్తే హెడ్ కానిస్టేబుల్ కన్నడలో 'గండ హెండతి గలాటె' (మొగుడూ పెళ్లాల గొడవ) అని రెండు ముక్కలు రాసి ఎన్‌సీఆర్, అంటే ఎఫ్ఐఆర్ కాని చిన్న నేరాల రసీదు, చేతిలో పెట్టాడు. కొట్టాడు అని మాత్రమే ఉంటే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 115(2), కోర్టు చెప్తే తప్ప దర్యాప్తుండదు. అందుకే మీరే రాసుకెళ్లండి, ఒక చెయ్యా రెండు చేతులా, ఎంతసేపు, స్పృహ తప్పిందా, చంపేస్తా అన్నాడా. అప్పుడు భర్త క్రూరత్వం సెక్షన్ 85తో పాటు హత్యాయత్నం 109 కూడా పెట్టమని అడగొచ్చు. మేం ఎంఎల్‌సీ కాగితం (పోలీసు కేసు కోసం హాస్పిటల్ వాళ్లు గాయాలు రాసిచ్చేది), రెండు పేజీల కంప్లైంట్ పట్టుకుని మళ్లీ వెళ్తేనే ఎఫ్ఐఆర్ అయింది.

మరకల్లేకపోవడం మామూలే అండి. అమెరికాలో శాండియాగోలో ఇలాంటి 300 కేసులు చూస్తే సగం మందికి బయటికేం కనిపించలేదు. లోపల మెడ రక్తనాళం చీరితే కొన్ని రోజులకి కూడా స్ట్రోక్ రావచ్చు, సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) అవసరమా అని డాక్టర్ని అడగండి. ఇంగ్లండ్‌లో 2022 జూన్ నుంచి గొంతు నొక్కడం విడిగా నేరం, 5 ఏళ్ల దాకా జైలు, మనకి అలాంటి సెక్షన్ లేదు. నన్నడిగితే సెక్షన్ కంటే ముందు, గొంతు పట్టుకున్నాడా అమ్మా అని స్టేషన్లో, క్యాజువాల్టీలో ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మా చెల్లిని ఎవ్వరూ అడగలేదు.

పెద్దమనుషులు సర్దిచెప్తామంటారు, అక్కని మాత్రం ఆ ఇంటికి పంపకండి. అర్జెంటైతే 112, సలహాకి 181. ఇంకోటి, అక్క మాట్లాడే గొంతు ఇప్పుడే రికార్డ్ చేసి పెట్టుకోండి. ఆ పొద్దున చెల్లి బొంగురు గొంతుతో నాకు పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఉండిపోయింది, 'వస్తన్నా అక్కా' అని అంతే, మా లాయర్ గారు ముందు విన్నది దాన్నే.