కనుమ నాడు శివయ్యలు నడిచే దారి
పాఠకుల ఉత్తరాలకు లంకగట్టు టీచరుగారి జవాబులు

ప్రశ్న: మా అత్తవారిది కోనసీమ. ఏటా సంక్రాంతికి వెళ్తున్నాం గానీ అక్కడి జాతర, జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఇంతవరకూ చూడలేదు. కనుమ నాడు పొలిమేర దాటకూడదని మా అత్తగారు ఆపేస్తారు. పదేళ్ల పాపకీ ఏడేళ్ల బాబుకీ ఈసారైనా చూపించాలని నా కోరిక. అక్కడ గుడే లేదంటారు, మరి తీర్థం ఎలా జరుగుతుంది? ఆ జనంలోకి పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండమ్మా. మీ అత్తగారినీ వెంటబెట్టుకుని మరీ వెళ్లండి. కనుమ నాడు కాకైనా కదలదని మా అమ్మా అనేది. కానీ ఆ రోజున మా వైపు శివుళ్లే పొలిమేర దాటి బయల్దేరతారు. స్వామి వెంట నడిస్తే అది ప్రయాణం కాదని అమ్మ లెక్క. నాకైతే ఆ లెక్క సరైందే అనిపిస్తుంది.

గుడి లేదన్నది నిజమే. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరున్న కొబ్బరితోట అది. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, పెదపూడి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం. ఈ పదకొండు ఊళ్ల శివాలయాల నుంచి స్వాములు ప్రభల మీద, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి భుజాల మీద మోసే కట్టడాల మీద, అక్కడికి చేరతారు. ఏకాదశ రుద్రులంటే వీళ్లే. తోట మొసలపల్లిలోనిది కాబట్టి ఆ ఊరి భోగేశ్వరుడిది ఆతిథ్యం. పెద్దరికం వ్యాఘ్రేశ్వరుడిది. ఆయన ప్రభ తోటలోకి రాగానే, అప్పటికే వచ్చి నిలబెట్టిన ప్రభలన్నిటినీ ఒక్కసారి భుజాలకెత్తి మర్యాద చేస్తారు. పెద్దవాళ్లు వస్తే మనం లేచి నిలబడమూ, అలాగే. ఈ ఘట్టం మాత్రం పిల్లలు తప్పకుండా చూడాలి.

ఇక కౌశిక దాటడం. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు తోటకు రావాలంటే మధ్యలో ఎగువ కౌశిక కాలువ అడ్డం. అంతెత్తు ప్రభను కుర్రాళ్లు భుజాల మీదే కాలువలోకి దింపుతారు. అడుగున బురద, కాలు నిలవదు. ఒకడి పాదం జారితే పక్కవాడి భుజం మీద బరువు రెట్టింపవుతుంది. ప్రభ ఒరగకుండా మోకులు పట్టినవాళ్లు, ఎటు లాగాలో ఎటు వదలాలో ముందున్నవాడి గొంతు వింటూ కదులుతారు. గట్ల మీద నుంచి 'అశరభ శరభ' అంటూ ఒకటే కేక. నీళ్లలోంచి ప్రభ తల నిటారుగా అవతలి గట్టెక్కితే నాకు ఈ వయసులో కూడా కళ్లనీళ్లు ఆగవు. ఆ తర్వాత ప్రభ పచ్చటి వరిచేల మీదుగా వెళ్తుంది. తొక్కిన చేను రైతుకి నష్టం కాదా అని మీ పాప అడుగుతుంది చూడండి. స్వామి నడిచిన చేను బాగా పండుతుందని ఆ రైతులు నమ్ముతారు. మా చేలోంచే రావాలని కోరుకుంటారు కూడా. పాపకి ఆ రైతు చేతే చెప్పించండి.

జనం సంగతికొస్తే, తొక్కిడి ఉంటుంది. దాచిపెట్టి చెప్పను. పెందలాడే బయల్దేరండి, కారు దూరంగా వదిలి నడవండి. పిల్లల జేబులో మీ ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. కాలువ గట్టు అంచున మాత్రం నిలబడొద్దు. తడికి మట్టి జారుతుంది, మోకుల వాళ్లకి అడ్డం కూడా. జీళ్లు, ఖర్జూరం కొనకుండా తిరిగి రావద్దు. తీర్థానికి వెళ్లొచ్చామని ఇరుగుపొరుగుకి పంచాల్సినవి అవే.

దీనికన్నా ముఖ్యమైంది ఒకటుంది. పొద్దున్నే ఆ పదకొండు ఊళ్లలో ఏదో ఒకదానికి వెళ్లండి. వెదురుబొంగులతో కట్టిన ప్రభకి కొత్త బట్టలు చుట్టడం, రంగు దారాలు, నెమలి పింఛాలు, జేగంటలు, వరికంకులు కట్టడం అప్పుడే చూడొచ్చు. అక్కడి పెద్దల్ని అడిగి మీ బాబు చేత ఒక పూలదండైనా అందించండి. సాయంత్రం ఆ ప్రభ కాలువ దాటుతుంటే వాడు చూసే చూపు వేరేగా ఉంటుంది. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ తీర్థమే. టీవీలో చూసి నేనూ పొంగిపోయాను. కానీ శకటంలో ఆ బురద లేదు, ఆ భుజాలూ లేవు.

ప్రశ్న: మాది గోదావరి లంక గ్రామం. మేమూ కనుమకి ప్రభ కడతాం. ఉద్యోగాలని కుర్రాళ్లంతా హైదరాబాద్, బెంగళూరు పోయారు. మోసేవాళ్లు చాలడం లేదు. ట్రాక్టరు మీద పెడదామని మేమంటే పెద్దలు ససేమిరా అంటున్నారు. మీరే తీర్పు చెప్పండి.
– ఓ యువకుడు, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా

జవాబు: నాయనా, పెద్దల పట్టుదల నాకర్థమైంది. ఇటు గౌతమి, అటు వశిష్ఠ, మధ్యలో వైనతేయ, మూడూ గోదావరి పాయలే. దక్షిణాన సముద్రం. చుట్టూ నీళ్లున్న సీమ మనది. వంతెనలు లేని రోజుల్లో పడవ ఉంటేనే ఊరు దాటడం. 2002లో ఎదుర్లంక–యానాం వారధి వచ్చేదాకా అటువైపు వాళ్లు పంటు కోసం, అంటే రేవు దాటించే పెద్ద పడవ కోసం, రేవులో పడిగాపులు పడినవాళ్లే. అలాంటి చోట పక్క ఊరితో చుట్టరికం నిలిచింది ఇలాంటి తీర్థాల వల్లే. మోయడం పోతే మిగిలేది ఊరేగింపొకటే అని వాళ్ల బెంగ.

నా మాట ఇది. తారు రోడ్డు పొడుగునా ట్రాక్టరు మీద తీసుకెళ్లండి, తప్పేం లేదు. చేలగట్టు నుంచి తీర్థం దాకా భుజాల మీద మోయండి. ప్రభ ఎత్తు తగ్గించండి. పక్క ఊరి ప్రభ కన్నా మనది ఒక మూరైనా పొడుగుండాలనే పంతమే సగం బరువు. కరెంటు తీగల భయమూ దానితోనే తగ్గుతుంది. ఎత్తు తగ్గించినా సరే, విద్యుత్తు వాళ్లకి ముందుగా చెప్పి, ఆ దారిలో సరఫరా ఆపించాకే కదలండి.

మోసేవాళ్లు లేరంటున్నావు. ఊళ్లో ఉండి కూడా ఇంతవరకూ ఎవర్ని పిలవలేదో ఒకసారి చూడు. ఏ వీధి కుర్రాళ్ల భుజాన్ని మీరు ఏనాడూ అడగలేదు? వాళ్ల ఇళ్లకి నువ్వే వెళ్లు, బొట్టు పెట్టి పిలువు. మోయడానికి మాత్రమే పిలిచి, కమిటీలోనూ ప్రసాదం వరుసలోనూ వెనక్కి నెడితే మళ్లీ ఏడు రారు. రాకపోతే తప్పు వాళ్లది కాదు. ఈ మాట చెబితే కొందరికి కోపం వస్తుందని తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేను. ఆడపిల్లల్ని ముగ్గుల పోటీకే పరిమితం చెయ్యొద్దు. దారాలు కట్టే పని, మోకు పట్టే పని వాళ్లకీ నేర్పండి.

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటున్నాం. మా ఊరి తీర్థంలో బాణసంచా కోసం పెద్ద మొత్తం పంపాలనుకుంటున్నాం. మంచిదేనా?
– ఓ పాఠకుడు, డాలస్

జవాబు: పంపండి బాబూ, బాణసంచాకి మాత్రం వద్దు. 2025 అక్టోబరులో మన కోనసీమ వైపే రాయవరం మండలంలో బాణసంచా తయారు చేసేచోట పేలుడు జరిగి కూలీలు కాలిపోయారు. పొట్టకూటికి వెళ్లినవాళ్లు. ఆ ఇళ్లల్లో ఇక పండగేముంది? పైగా కొబ్బరాకులు ఎండి ఉన్న తోటలో ఒక్క నిప్పురవ్వ చాలు. మీ డబ్బుతో మంచినీళ్లు, ఆడవాళ్లకి మరుగుదొడ్లు, గట్టు మీద తాళ్ల కంచె, ఒక అంబులెన్సు ఏర్పాటు చేయించండి. తీర్థాల్లో ఇవే ఎప్పుడూ కరువు. వీలైతే మీరు కూడా రండి. సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకోండి, జనవరి టికెట్లు ఆలస్యం చేస్తే దొరకవు.