జిమ్నీకి 2 అంగుళాల లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం) వేయిస్తే షాకులు (షాక్ అబ్జార్బర్లు) కూడా మార్చాలా?

పాత షాకులతో మారుతి జిమ్నీ నడుస్తుంది, కానీ ఆఫ్‌రోడ్‌కే లిఫ్ట్ చేయిస్తుంటే మార్చడమే మంచిది.

బండి 50 మి.మీ. లేచిందంటే, నిలబడి ఉన్నప్పుడే షాకు రాడ్డు దాదాపు అంత మేర బయటికొచ్చినట్టే. చక్రం కిందికి జారడానికి మిగిలే దూరం అంత తగ్గిపోతుంది. గోతిలో చక్రం గాల్లో వేలాడితే యాక్సిల్ (ఇరుసు) బరువు షాకు మీదే పడుతుంది. పిస్టన్ పైకొసకు తగిలి 'టక్' మంటుంది. క్రమంగా సీలు దగ్గర నూనె కారుతుంది, బుష్‌లు (బిగింపుల దగ్గరి రబ్బరు దిమ్మలు) చిరుగుతాయి. పైగా లిఫ్ట్ స్ప్రింగులు గట్టివైతే పాత షాకు వాటిని అదుపు చేయలేదు, బండి ఊగుతూనే ఉంటుంది. పాత స్ప్రింగులే ఉంచి, వాటికి పెట్టే ఎత్తు దిమ్మలైన స్పేసర్లతో ఈ ఊగుడు రాదు గానీ, దూరం తగ్గే సమస్య అలాగే ఉంటుంది.

ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, యాక్సిల్‌ను జాకీతో మెల్లగా దించి చూడండి. స్ప్రింగు బిగువుగా ఉండగానే షాకు పూర్తిగా సాగిపోతే అది పొట్టిదన్నమాట. బ్రేకు హోస్, ఏబీఎస్ వైరు లాగుకుపోతున్నాయేమో అప్పుడే చూడండి.

పొడవు షాకు కొనేటప్పుడు చాలామంది మరిచేది అది పూర్తిగా నొక్కుకుని మూసుకున్నప్పటి పొడవు. బంప్‌స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగలకముందే షాకు అడుగుకు కొట్టుకుంటే రాడ్డు వంగుతుంది, మౌంటు విరుగుతుంది. అవసరమైతే బంప్‌స్టాప్ పొడిగించాలి.

బుష్ బోల్టుల ఆఖరి బిగింపు చక్రాలు నేల మీద ఆనాకే. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా పోతుంది.