ఎఫ్‌ఎల్‌పి మోటార్ పెట్టినంత మాత్రాన బయోగ్యాస్ బ్లోవర్ సేఫ్ అవుతుందా?

మీరు అడిగింది ఇది: డైజెస్టర్ (వ్యర్థాలు కుళ్లి గ్యాస్ తయారయ్యే ట్యాంకు) నుంచి బాయిలర్ బర్నర్‌కి బయోగ్యాస్ పంపాలి, మామూలు సెంట్రిఫ్యూగల్ బ్లోవర్‌కే ఎఫ్‌ఎల్‌పి (ఫ్లేమ్‌ప్రూఫ్) మోటార్ బిగించి ఇస్తామని సప్లయర్ అంటున్నాడు, తీసుకోవచ్చా అని. తీసుకోకండి. ఒకప్పుడు మేమూ ఆ మాట నమ్మి కొన్నవాళ్లమే.

అప్పుడు నేను వ్యర్థజలాల శుద్ధి ప్లాంటులో మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. ఓ రాత్రి ఆపరేటర్ ఫోన్ చేసి బ్లోవర్ దగ్గర కుళ్లిన గుడ్ల వాసన వస్తోందన్నాడు. వెళ్లి షాఫ్ట్ దగ్గర గ్యాస్ డిటెక్టర్ పెడితే అది గోల పెట్టేసింది. బ్లోవర్ ఆపి, రెండు వైపులా వాల్వులు మూసి, నైట్రోజన్‌తో పర్జ్ చేసి, అంటే లోపలి గ్యాస్‌ని తరిమేసి, మర్నాడు విప్పాం. బేరింగ్ అరిగి షాఫ్ట్ కిందికి జారింది. ఇంపెల్లర్ (లోపల తిరిగే చక్రం) అంచు ఇన్‌లెట్ కోన్‌ని (గ్యాస్ లోపలికొచ్చే మూతిని) రాసుకుంటూ తిరిగింది. ఇనుము మీద ఇనుము, చుట్టూ తళతళలాడే గీత. మోటార్ మాత్రం కొత్తదానిలా ఉంది!

మరి ఎందుకు అంటుకోలేదు? మా జాగ్రత్త వల్ల మాత్రం కాదు. మీథేన్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే మండుతుంది. మా గ్యాస్‌లో 60 శాతం దాకా మీథేన్, మిగతాది దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్. కేసింగ్ లోపల ఆక్సిజన్ లేదు కాబట్టి బతికిపోయాం. అయితే ఖాళీ కేసింగ్‌లో గాలి ఉండగా గ్యాస్ వదిలి స్టార్ట్ చేస్తే, ఆ 5-15 శాతం మధ్య నుంచి ఒకసారి దాటక తప్పదు. సరిగ్గా అప్పుడే రాపిడి ఉంటే? ఆ రోజు నుంచి పర్జ్ చేయకుండా స్టార్ట్ బటన్ నొక్కనివ్వలేదు.

ఎఫ్‌ఎల్‌పి అన్న మాట మోటార్ డబ్బాకి సంబంధించింది. మోటార్ లోపల గ్యాస్ చేరి పేలినా మంట బయటికి రానివ్వదు, అంతే. బ్లోవర్ లోపల ఏం జరుగుతుందో దానికి పట్టదు. పైగా టెర్మినల్ బాక్స్‌కి ఒక్క బోల్టు తక్కువైనా, కేబుల్ లోపలికి వెళ్లే చోట మామూలు గ్లాండ్ పెట్టినా ఆ రక్షణ పోతుంది. ఎలక్ట్రీషియన్లు ఇది తేలిగ్గా తీసుకోవడం చాలా చోట్ల చూశాను. స్పీడ్ మార్చడానికి డ్రైవ్ (మోటార్ వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) పెట్టాలనుకుంటే, ఆ మోటార్ సర్టిఫికెట్ డ్రైవ్‌తో నడపడానికి కూడా వర్తిస్తుందో లేదో అడగండి. తక్కువ స్పీడ్‌లో ఫ్యాన్ గాలి చాలక మోటార్ వేడెక్కుతుంది.

ఇక బ్లోవర్ విషయం. ఫ్యాన్ల పరిశ్రమ సంఘం అమ్కా ఇచ్చిన అమ్కా 99 అనే ప్రమాణంలో స్పార్క్ రెసిస్టెంట్ (నిప్పురవ్వలు రాకుండా చూసే) నిర్మాణానికి ఏ, బీ, సీ అని మూడు రకాలున్నాయి. ఏ రకంలో గ్యాస్ తగిలే భాగాలన్నీ ఇనుము కాని లోహమే. బీ రకంలో ఇంపెల్లర్, షాఫ్ట్ లోపలికి వచ్చే రంధ్రం చుట్టూ రింగు మాత్రం ఇనుము కాని లోహం. సీ రకంలో షాఫ్ట్ జరిగినా రెండు ఇనుప భాగాలు ఒకదాన్నొకటి తగలకూడదు. మూడింటిలోనూ బేరింగులు గ్యాస్ దారిలో ఉండకూడదు. మా పాత బ్లోవర్ ఇందులో దేనికిందకీ రాదు.

సరే, ఇనుము కాని లోహం అంటే అల్యూమినియం తీసుకుంటే పోలేదా అనుకుంటాం. తుప్పు పట్టిన ఇనుము మీద అల్యూమినియం గట్టిగా రాసుకుంటే థర్మైట్ చర్యతో (అల్యూమినియం తుప్పులోని ఆక్సిజన్‌ని లాక్కోవడం) బాగా వేడి నిప్పురవ్వలు వస్తాయి. బయోగ్యాస్ తడిగా ఉంటుంది, తుప్పుకి కొదవేం లేదు. పోనీ ఇత్తడి, కంచు అంటే బయోగ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్ (ఆ కుళ్లిన గుడ్ల వాసన దానిదే) వాటిని తినేస్తుంది. చివరికి మేం స్టెయిన్‌లెస్ స్టీల్ ఇంపెల్లర్, కేసింగ్ తీసుకుని, రాపిడి వచ్చే చోట్ల ఇత్తడి రింగులు వేయించాం. అవి అరుగుతాయని తెలుసు, అందుకే ప్రతి షట్‌డౌన్‌లోనూ విప్పి చూసేవాళ్లం. వైబ్రేషన్ పెరిగినా, బేరింగ్ వేడెక్కినా దానంతటదే ఆగిపోయేలా ట్రిప్ పెట్టించాం. నన్నడిగితే లోహం ఎంపిక కన్నా ఈ ట్రిప్పే ఎక్కువ పని చేసింది.

షాఫ్ట్ సీల్ ఏ రకమో తప్పకుండా అడగండి. ఊరికే ఫెల్ట్ ముక్క కుక్కి ఇస్తే గ్యాస్ కారుతుంది. నైట్రోజన్‌ని కొంచెం ఎక్కువ ప్రెషర్‌తో ఇచ్చే సీల్ అయితే కారినా నైట్రోజనే కారుతుంది.

సక్షన్ వైపు, అంటే బ్లోవర్ గ్యాస్‌ని లాగే వైపు, ఇంకా ముఖ్యం. డైజెస్టర్ ప్రెషర్ పడిపోయినా బ్లోవర్ లాగుతూనే ఉంటే పైపు వాక్యూమ్‌లోకి వెళ్లి, వదులుగా ఉన్న ప్రతి ఫ్లాంజ్ (పైపుల జాయింటు) నుంచీ గాలి పీలుస్తుంది. మమ్మల్ని ఆ రాత్రి కాపాడింది ఆక్సిజన్ లేకపోవడమే కదా, అదే పోతుంది. సక్షన్‌లో లో ప్రెషర్ స్విచ్ పెట్టి బ్లోవర్‌ని ఆపించండి, వీలైతే ఆక్సిజన్ మీటరూ పెట్టండి. బర్నర్ వైపు ఫ్లేమ్ అరెస్టర్ (మంట పైపులోకి వెనక్కి రాకుండా ఆపేది) ఎలాగూ ఉండాలి.

రూట్స్ బ్లోవర్ (రెండు రోటర్లు ఎదురెదురుగా తిరుగుతూ గ్యాస్‌ని నెట్టేది) వాడదామా అని ఇంకొకరు అడిగారు. వాడొచ్చు, కానీ డెలివరీ వాల్వ్ మూసుకుపోతే ప్రెషర్, వేడి రెండూ వేగంగా పెరుగుతాయి. రిలీఫ్ వాల్వ్ తప్పనిసరి. దాని నోరు గదిలోకి మాత్రం పెట్టకండి. వేడి గురించి మరీ టెన్షన్ ఉంటే లిక్విడ్ రింగ్ కంప్రెసర్ చూడండి. లోపల నీరే సీల్ చేస్తూ చల్లబరుస్తుంది కాబట్టి గ్యాస్ పెద్దగా వేడెక్కదు. కరెంటు ఎక్కువ తాగుతుంది, అదొక్కటే బాధ.

ఇదే బ్లోవర్‌ని తర్వాత హైడ్రోజన్ ఉన్న గ్యాస్‌కి మళ్లించే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి. పేలే గ్యాసుల్ని ప్రమాద స్థాయిని బట్టి చేసిన గ్రూపుల్లో మీథేన్ 2ఏ, హైడ్రోజన్ 2సీ. హైడ్రోజన్ అంటుకోవడానికి మీథేన్‌కి కావలసిన శక్తిలో పదో వంతు కూడా అక్కర్లేదు.

సప్లయర్‌ని డేటాషీట్ అడిగి తెప్పించుకోండి. అందులో గ్యాస్ అన్న గడిలో 'గాలి' అని ఉంటే, అది వెంటిలేషన్ ఫ్యాన్. మాకొచ్చిన షీట్‌లో అదే ఉంది, సంతకం పెట్టింది నేనే.